ఫమగుస్తా లాలా ముస్తఫా పాషా మసీదు, అంటే పాత సెయింట్ నికొలస్ కథీడ్రల్: వెళ్ళేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

సైప్రస్ దీవికి తూర్పు తీరంలో ఫమగుస్తా అని ఒక పాత రేవు పట్నం ఉంది. చుట్టూ కోటగోడ, ఊరి నడిబొడ్డున తేనెరంగు రాతితో కట్టిన గోతిక్ చర్చి, దాని ఎడమ గోపురం మీద ఒక చిన్న మినార్. నేను అక్కడికి మూడుసార్లు వెళ్ళాను. వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచి బంధువులు, స్నేహితులు, వాళ్ళ స్నేహితులు ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. ఎక్కువమంది అడిగినవి, ఎవరూ అడగకపోయినా చెప్పాలనిపించినవి ఇక్కడ ఒకచోట పెట్టాను.

ఇంతకీ ఇది చర్చా, మసీదా?

ఇప్పుడు మసీదు. మ్యూజియం కాదు. రోజుకు ఐదు పూటలా నమాజ్ జరుగుతుంది, చుట్టుపక్కల దుకాణాలవాళ్ళు వచ్చి వజూ చేసుకుని, అంటే ముఖం, చేతులు, కాళ్ళు కడుక్కుని, లోపలికి వెళ్తుంటారు. కట్టినప్పుడు మాత్రం ఇది క్యాథలిక్ కథీడ్రల్, అంటే బిషప్ పీఠం ఉన్న పెద్ద చర్చి. ఓడల్లో పోయేవాళ్ళను కాపాడతాడని నమ్మే సెయింట్ నికొలస్ పేరు దానికి పెట్టారు. మన పిల్లలకు తెలిసిన క్రిస్మస్ తాత కథకు మూలపురుషుడు ఈయనే. రేవు పట్నంలో చర్చికి అంతకన్నా తగిన పేరు దొరకదు.

1571లో మసీదయ్యాక చాలాకాలం దీన్ని అయాసోఫ్యా మసీదు అన్నారు. లాలా ముస్తఫా పాషా మసీదన్న పేరు 1954లో వచ్చింది. ఊరిని గెలిచిన ఒట్టోమన్, అంటే అప్పటి టర్కీ సామ్రాజ్యపు, సేనాని పేరది. "లాలా" అంటే వాళ్ళ దగ్గర యువరాజులకు చదువు సంధ్యలు నేర్పే గురువు.

అక్కడ దారి అడగాలంటే "జామి" అనండి చాలు. జామియా మసీదు అని మనం అనే మాటే అది.

అది ఏ దేశంలో ఉన్నట్టు?

దీవి 1974 నుంచి రెండు ముక్కలుగా ఉంది. దక్షిణాన సైప్రస్ రిపబ్లిక్, యూరోపియన్ యూనియన్‌లో సభ్యదేశం. ఉత్తరాన టర్కీ సైప్రియట్ల, అంటే టర్కిష్ మాట్లాడే సైప్రస్ జనం, పాలన. వాళ్ళు 1983లో విడి దేశంగా ప్రకటించుకున్నారు గానీ టర్కీ ఒక్కటే దాన్ని గుర్తించింది. భారతదేశం గుర్తించలేదు. ఫమగుస్తా ఉత్తర భాగంలో ఉంది. బోర్డుల మీద గాజీమావుసా అని టర్కిష్ పేరు కనిపిస్తుంది. గ్రీకులు అమోఖోస్తోస్ అంటారు, ఇసుకలో దాగిన ఊరని అర్థం.

ప్రయాణం పెట్టుకునేవాళ్ళు ముందు మనసులో ఉంచుకోవలసింది ఇదే. ఉత్తరాన మన రాయబార కార్యాలయం లేదు. భారత హైకమిషన్ నికోసియాలో, దక్షిణ భాగంలో ఉంది. పాస్‌పోర్టు పోయినా, ఏదైనా తేడా వచ్చినా రెండు భాగాల మధ్య ఉన్న సరిహద్దు గీత దాటి అక్కడికే రావాలి. కాబట్టి పాస్‌పోర్టు కాపీ ఒకటి ఫోన్‌లో, ఒకటి బ్యాగులో పెట్టుకోండి.

ఎలా వెళ్ళాలి?

రెండు దారులున్నాయి. ఒకటి, దక్షిణాన లార్నకా విమానాశ్రయంలో దిగి, రోడ్డు మీద వెళ్ళి, గీత దాటడం. రెండోది, టర్కీ మీదుగా ఉత్తరాన ఎర్కాన్ విమానాశ్రయంలో దిగడం. ఎర్కాన్‌కు విమానాలన్నీ టర్కీ నుంచే వస్తాయి.

ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు నేను మొదటి దారే చెప్తాను. ఎర్కాన్‌లో దిగడాన్ని సైప్రస్ రిపబ్లిక్ చట్టబద్ధమైన ప్రవేశంగా ఒప్పుకోదు. అక్కడ దిగి తర్వాత దక్షిణానికి వద్దామనుకుంటే గీత దగ్గర ఆపేయవచ్చు. లార్నకాలో సరైన వీసాతో దిగినవాళ్ళకు ఆ టెన్షన్ ఉండదు. వీసా నిబంధనలు రెండువైపులా ఎప్పటికప్పుడు మారుతుంటాయి. టికెట్లు కొనకముందే రెండువైపులవీ చూసుకోండి, కొన్నాక కాదు.

ఫమగుస్తాకు దగ్గరగా గీత దాటే చోట్లు రెండు: డెరీనియా, స్ట్రోవిలియా. డెరీనియా దారి 2018లో తెరిచారు. కారు లేకపోతే నికోసియాలో లెడ్రా వీధి దగ్గర నడిచి దాటి, అవతల నుంచి బస్సో షేర్ వ్యానో ఎక్కవచ్చు. సుమారు గంట ప్రయాణం.

అద్దె కారులో వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, కానీ దక్షిణాన తీసుకున్న కారుకు ఇన్సూరెన్స్ గీత వరకే. ఉత్తరాన తిరగాలంటే దాటే చోటే అక్కడి ఇన్సూరెన్స్ విడిగా కొనాలి. మొదటిసారి నేను కారు తీసుకున్న చోట ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు. ఎర్రటి ఎండలో వరుసలో నిలబడ్డాక, వెనకాల కారులో ఉన్న పెద్దాయన చెప్తే తెలిసింది. కొన్ని కంపెనీలు అసలు గీత దాటనివ్వవు. కాబట్టి తీసుకునేటప్పుడే అడిగి, ఒప్పుకున్నట్టు కాగితం మీద రాయించుకోండి. రెండువైపులా మనలాగే రోడ్డుకు ఎడమవైపునే నడపాలి, బ్రిటిష్‌వాళ్ళు వదిలి వెళ్ళిన అలవాటు అది.

టికెట్ ఎంత? ఏ వేళకు వెళ్ళాలి?

టికెట్ లేదు. హుండీ ఉంటుంది, తోచింది వేయండి. నమాజ్ జరిగేటప్పుడు చూడడానికి వచ్చినవాళ్ళు బయటే ఆగాలి. శుక్రవారం మధ్యాహ్నం జుమ్మా నమాజ్ వేళ అసలు పెట్టుకోవద్దు. నమాజ్ వేళలు సూర్యుడిని బట్టి మారతాయి గనుక ఆ రోజు వేళలు ఫోన్‌లో చూసుకుని బయల్దేరితే సరిపోతుంది.

ఏడాదిలో మార్చి నుంచి మే దాకా, మళ్ళీ అక్టోబర్, నవంబర్ నెలలు హాయిగా ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో ఎండ మన రెంటచింతల ఎండను గుర్తు చేస్తుంది.

బట్టలు, చెప్పులు?

చెప్పులు బయట విడవాలి, మనకు చెప్పక్కర్లేని సంగతి. మగవాళ్ళకు మోకాళ్ళు కప్పే ప్యాంటు, ఆడవాళ్ళకు భుజాలు, కాళ్ళు కప్పే బట్టలు, తల మీద చున్నీ. చీరకట్టులో ఉన్నవాళ్ళు కొంగు తల మీదికి లాక్కుంటే చాలు. మా పిన్ని అలాగే వచ్చింది, గుమ్మం దగ్గర కూర్చున్న ముసలావిడ ఆ చీర అంచు పట్టుకుని చూసి, చేత్తోనే బాగుందని చెప్పింది. చున్నీ మరిచిపోతే గుమ్మం దగ్గర కప్పుకోవడానికి ఇస్తుంటారు. కానీ ఎవరెవరో వాడినవి కదా, మీది మీరు తెచ్చుకోండి.

హిందువులం, వెళ్ళనిస్తారా? క్రైస్తవులం, లోపల ప్రార్థన చేసుకోవచ్చా?

ఎవరినీ మతం అడగరు. హిందువులు, క్రైస్తవులు, ఏమీ నమ్మనివాళ్ళు, అందరూ వెళ్తారు.

క్రైస్తవ మిత్రులు అడిగే రెండో ప్రశ్నకు నా జవాబు ఇది. ఒక పక్కన కూర్చుని మనసులో ప్రార్థన చేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. గుంపుగా నిలబడి కీర్తన పాడడం, మోకరించి ఫొటోలు దిగడం మాత్రం వద్దు. అది నాలుగున్నర శతాబ్దాలుగా వేరేవాళ్ళు నమాజ్ చేసుకుంటున్న చోటు. ఈ కట్టడం మాదంటే మాదని తగువు పెట్టుకోవడానికి వచ్చేవాళ్ళు అక్కడ నిజంగానే తగులుతారు, రెండు వైపులవాళ్ళూ. వాళ్ళు రాయిని చూడకుండానే వెళ్ళిపోతారు. నాకు బాధ కలిగేది అక్కడే.

ముస్లింలం, నమాజ్ చేసుకోవచ్చా?

నిరభ్యంతరంగా. టర్కీ సైప్రియట్లు సున్నీలు, హనఫీ పద్ధతివాళ్ళు. మన ఆంధ్ర, తెలంగాణల్లో ఎక్కువమందిదీ అదే పద్ధతి కాబట్టి కొత్తగా అనిపించదు. ముంగిట్లో, ఒకప్పుడు ఈ దీవిని ఏలిన ఇటలీ నగరం వెనిస్‌వాళ్ళ కాలపు మండపం ఒకటి ఉంది, వజూ చేసుకునేది అక్కడే.

గోతిక్ అంటే ఏమిటి? చూసి ఎలా గుర్తుపట్టాలి?

మెదక్ చర్చి చూశారా? 1924లో తెరిచిన ఆ చర్చిలో కోసుగా పైకి లేచే ఆర్చీలు, పొడవైన కిటికీలు, రంగుల అద్దాలు గుర్తు తెచ్చుకోండి. అది పాత గోతిక్ శైలిని ఆరేడు వందల ఏళ్ళ తర్వాత మళ్ళీ అనుసరించి కట్టినది. ఫమగుస్తాది ఆ శైలి యూరప్‌లో వెలుగుతున్న రోజుల్లోనే కట్టినది.

కిటుకంతా బరువు మోసే తీరులో ఉంది. గుండ్రటి ఆర్చీ బరువును పక్కలకు ఎక్కువగా తోస్తుంది, అందుకని గోడలు లావుగా ఉండాలి. మొనదేలిన ఆర్చీ బరువును చాలావరకు కిందికి దింపుతుంది. కప్పు కింద రాతి పక్కటెముకలు ఆ బరువును పోగుచేసి స్తంభాలకు అందిస్తాయి. మిగిలిన తోపును బయట నిలబెట్టిన రాతి ఆనుగోడలు కాచుకుంటాయి. అప్పుడు గోడకు మోసే పని తగ్గిపోతుంది. గోడ తీసేసి కిటికీ పెట్టొచ్చు. అందుకే ఆ చర్చిల్లో అంత వెలుతురు.

ముందు వైపు మూడు గుమ్మాలు, వాటి మీద కోసుగా లేచిన రాతి కమ్ములు, నడిమి గుమ్మం మీద ఆరు నిలువు పాయల పెద్ద కిటికీ, ఆ కిటికీ తలమీద గులాబీ పువ్వులాంటి గుండ్రటి చెక్కడం. ఫ్రాన్సులోని రాన్స్ కథీడ్రల్ పోలికలున్నాయని దీన్ని సైప్రస్ రాన్స్ అంటుంటారు.

ఒక తేడా మాత్రం ఊరంత ఉంది. ఫ్రాన్సులో చర్చిల మీద మంచు జారిపోవడానికి నిటారు కప్పులు వేస్తారు. సైప్రస్ తీరంలో మంచు ఎక్కడిది? అందుకే ఇక్కడ పైన చదునుగా, మన డాబా ఇళ్ళలాగా వదిలేశారు. ఫ్రెంచి నమూనా తెచ్చుకున్న మేస్త్రీలు ఎండను చూసి మనసు మార్చుకున్న చోటు అది. నాకు ఈ కట్టడంలో చాలా ఇష్టమైన సంగతుల్లో ఇదొకటి.

సైప్రస్‌లో ఫ్రెంచివాళ్ళకు ఏం పని? ఎవరు కట్టారు?

జెరూసలేం కోసం యూరప్ క్రైస్తవులు చేసిన క్రూసేడ్ యుద్ధాల్లో పాలస్తీనా తీరాన రాజ్యాలు ఏలిన ఫ్రెంచి ప్రభువుల్లో లుసిన్యాన్ వంశం ఒకటి. 1192 నుంచి సైప్రస్ వాళ్ళ చేతిలోకి వచ్చింది. 1291లో ఎదుటి తీరాన ఆక్రా కోట పడిపోయింది. అక్కడి వర్తకులు, సన్యాసులు, ప్రభువులు దొరికిన ఓడ ఎక్కి వచ్చి ఫమగుస్తాలో దిగారు. తూర్పు సరుకు పడమటికి పోయే దారిలో ఉన్న రేవది, కొద్ది ఏళ్ళలోనే మధ్యధరా తీరంలో పెద్ద సంపన్నుల ఊర్లలో ఒకటైపోయింది. ఆ డబ్బుతో, ఆ వలస వచ్చినవాళ్ళ మధ్య 1298 ప్రాంతంలో ఈ చర్చి మొదలైంది. 1320ల చివరికి ప్రతిష్ఠ జరిగింది.

మధ్యలో డబ్బులు అయిపోయాయి కూడా. దక్షిణం వైపు ఆనుగోడ మీద పాత ఫ్రెంచిలో 1311 నాటి శాసనం ఒకటుంది. కట్టడానికి ఉన్న సొమ్ము ఖర్చయిపోయిందని, బాల్డ్విన్ లాంబర్ట్ అనే బిషప్ పని మళ్ళీ ఎత్తుకున్నాడని, అప్పటికి ఎన్ని కప్పులు అయ్యాయో ఇంకా ఎన్ని మిగిలాయో లెక్కతో సహా చెప్తుంది. ఊళ్ళో చందాలు వేసుకుని గుడి కట్టేటప్పుడు పని ఆగిపోయి మళ్ళీ మొదలైన కథలు మనకూ తెలుసు కదా. ఆ లెక్క రాతిలో చదివేసరికి ఏడు వందల ఏళ్ళ దూరం కాస్త తగ్గినట్టనిపించింది. దక్షిణపు గుమ్మం వైపు నడిచి, వెతికి చూడండి. చాలామంది ముందు వైపు ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు.

ఇక్కడ రాజులకు పట్టాభిషేకం జరిగేదంటారు, నిజమా?

నిజమే. లుసిన్యాన్ రాజులకు రెండు కిరీటాలు. సైప్రస్ రాజుగా నికోసియాలోని సెయింట్ సోఫియా కథీడ్రల్‌లో పెట్టుకునేవారు. తర్వాత ఫమగుస్తాకు వచ్చి జెరూసలేం రాజుగా ఇక్కడ రెండో కిరీటం పెట్టుకునేవారు. జెరూసలేం చేజారి ఎన్నో ఏళ్ళయినా ఆ బిరుదు వదులుకోలేదు. సముద్రానికి అవతల ఉన్న ఆ భూమికి దగ్గరి రేవు ఇదే కాబట్టి ఇక్కడ.

1372లో రెండో పీటర్ పట్టాభిషేకం కథ మాత్రం తెలుసుకునే వెళ్ళండి, గుమ్మం ముందు నిలబడ్డప్పుడు పనికొస్తుంది. రాజు బయటికి వచ్చి గుర్రం ఎక్కితే కళ్ళెం పట్టుకుని నడిపించడం గొప్ప గౌరవం. ఒక పక్క ఇటలీలోని జెనోవా నగరపు వర్తకులు, ఒక పక్క వెనిస్ వర్తకులు. కుడి పక్క ఎవరు పట్టుకోవాలి? దాని మీద మాట పెరిగింది, విందులో కొట్లాటయింది, ఊళ్ళో జెనోవావాళ్ళ ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది జెనోవా ఓడల మీద సైన్యాన్ని పంపింది, ఫమగుస్తాను పట్టుకుంది, 1464 దాకా వదల్లేదు. రాజ్యానికే గుండెకాయలాంటి రేవు పోయింది. ఊరి వైభవం అక్కడి నుంచి దిగజారడం మొదలైంది.

ఆ రేవును తిరిగి గెలిచిన రెండో జేమ్స్ 1473లో చనిపోతే ఇక్కడే పాతిపెట్టారు. పసివాడైన కొడుకు మూడో జేమ్స్ మరుసటి ఏడాదే పోయాడు. మిగిలిన రాణి కాతెరీనా కోర్నారో వెనిస్ ఇంటి ఆడపడుచు. 1489లో దీవిని వెనిస్‌కు అప్పగించి వెళ్ళిపోయింది.

మసీదు ఎప్పుడు, ఎలా అయింది?

1570 సెప్టెంబర్‌లో లాలా ముస్తఫా పాషా సైన్యం ఊరిని చుట్టుముట్టింది. లోపల వెనిస్ దళం, దానికి మార్కాంతోనియో బ్రాగాదిన్ నాయకుడు. దాదాపు పదకొండు నెలలు పట్టింది. తిండి, మందుగుండు అయిపోయాక 1571 ఆగస్టు 1న లొంగిపోయారు. ప్రాణాలతో వెళ్ళనిస్తామన్న ఒప్పందం చెదిరిపోయింది. బ్రాగాదిన్‌ను ఆ నెల 17న చర్మం ఒలిచి చంపారు. ముట్టడిలో ఒట్టోమన్ సైనికులు కూడా లెక్కలేనంత మంది పోయారు. ఈ ఘోరాన్ని కట్టడం ముందు నిలబడి పిల్లలకు చెప్పాలా వద్దా అని ఒకరు అడిగారు. పదేళ్ళు దాటినవాళ్ళకు చెప్పొచ్చు, కానీ చనిపోయినవాళ్ళందరి గురించీ కలిపి చెప్పండి.

ఆ ఏడాదే చర్చి మసీదయింది. విగ్రహాలు, చిత్రాలు, రంగుల అద్దాలు, బలిపీఠం, ఎక్కువ సమాధులు తీసేశారు. గోడలకు వెల్ల వేశారు. క్రైస్తవులను కోట లోపల ఉండనివ్వలేదు. వాళ్ళు గోడ బయట స్థిరపడ్డారు, వరోషా పేట అలా పెరిగింది.

గోపురాలు ఎందుకు మొండిగా ఉన్నాయి?

ముట్టడిలో ఫిరంగి గుళ్ళు తగిలి, తర్వాత భూకంపాలు కలిసి పై భాగాలు పోయాయి. ఎవరూ తిరిగి కట్టలేదు. ఉత్తరపు గోపురం మీద మినార్ ఒకటి చేర్చారు, కట్టడం పరిమాణానికి అది బాగా చిన్నది. దూరం నుంచి చూసేవాళ్ళు మొదట గమనించరు, అజాన్ వినిపించాక తలెత్తి వెతుకుతారు.

లోపల ఏమీ లేదట కదా, వెళ్ళడం దండగేనా?

ఇంటర్నెట్‌లో ఇలా రాసేవాళ్ళను చూశాను. నేను గట్టిగా కాదంటాను.

లోపలికి అడుగుపెట్టగానే కాళ్ళ కింద మెత్తటి తివాచీ. రెండు వరుసల గుండ్రటి స్తంభాలు, వాటి మీద కోసు ఆర్చీలు, ఆ పైన తెల్లటి కప్పు. బొమ్మ లేదు, రంగు లేదు, బంగారం లేదు. యూరప్ చర్చిల్లో మన కన్ను విగ్రహం నుంచి పటానికి, పటం నుంచి దీపానికి పరుగెత్తుతుంది. కప్పు దాకా చేరేసరికి అలిసిపోతాం. ఇక్కడ దాచేది ఏదీ లేదు. స్తంభం నుంచి బయల్దేరిన రాతి ఎముక ఎలా వంగి ఎదుటి ఎముకను కలుసుకుంటుందో, బరువు ఏ దారిన నేలకు దిగుతుందో అంతా కళ్ళ ముందు ఉంటుంది. గోతిక్ అంటే ఏమిటో నాకు పుస్తకాల్లో అర్థం కాలేదు, ఆ తెల్ల కప్పు కింద అర్థమైంది.

ఒక పని చేయండి. గోడ వారగా తివాచీ మీద కూర్చుని, వీపు ఆనించి, పది నిమిషాలు పైకి చూడండి. ఫోన్ జేబులోనే ఉంచండి. కిటికీల్లో రంగుటద్దాల బదులు ఇప్పుడు జల్లెడలాంటి అల్లిక ఉంది. మధ్యాహ్నం దాటాక ఎండ పడమటి పెద్ద కిటికీలోంచి ఆ అల్లిక గుండా దూరి తివాచీ మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. నేను కూర్చున్నప్పుడు ఒక నాలుగేళ్ళ పిల్లాడు నమాజ్ చేసుకుంటున్న తాత పక్కన ఆ చుక్కలు ఒక్కొక్కటే అరచేతిలో పట్టుకుంటూ ఉన్నాడు. తాత లేచేదాకా వాడికి అదే పని.

అందరూ పక్క గోడ వైపు తిరిగి నమాజ్ చేస్తారేం?

మంచి ప్రశ్న. క్రైస్తవులు చర్చిని తూర్పు ముఖంగా కట్టారు. గుమ్మం పడమర, బలిపీఠం తూర్పు. ముస్లింలు మక్కా వైపు తిరగాలి. మన దగ్గర నుంచి మక్కా పడమటి దిక్కు కాబట్టి మన మసీదుల్లో పడమర తిరుగుతారు. సైప్రస్ నుంచి అది దక్షిణానికి, కొంచెం తూర్పుగా ఉంటుంది. అందువల్ల మిహ్రాబ్ (మక్కా దిక్కు చూపే గూడు), మింబర్ (ఉపన్యాసం చెప్పే మెట్ల వేదిక) దక్షిణపు వైపు పెట్టారు. రాతి స్తంభాలు ఒక దిక్కుకు నడుస్తుంటే మనుషుల వరుసలు ఇంకో దిక్కు చూస్తుంటాయి. ఒకే గదిలో రెండు దిక్కులు. ఇది తెలియకుండా వెళ్తే లోపల ఏదో అడ్డదిడ్డంగా ఉందనిపిస్తుంది.

ముందున్న పెద్ద చెట్టు ఏమిటి?

మన మేడి చెట్టుకు అక్క అనుకోండి. సికమోర్ అత్తి అంటారు. చర్చి కట్టడం మొదలైన రోజుల్లో, అంటే 1299 ప్రాంతంలో నాటారని ఊరివాళ్ళు చెప్తారు. దీవిలో ప్రాణంతో ఉన్న చెట్లలో ఇదే పాతదని వాళ్ళ నమ్మకం. మేడిలాగే దీనికీ కాయలు మానుకు, లావు కొమ్మలకు గుత్తులుగా అంటుకుని కాస్తాయి. మాను ముడతలు పడి, కొమ్మలు బరువుకు అడ్డంగా చాచుకుని ఉంటుంది.

మా అమ్మ చర్చి సంగతి, మసీదు సంగతి పక్కనపెట్టి ముందు ఆ చెట్టు దగ్గరికి నడిచింది. కింద రాలిన కాయ తీసి, గోరుతో చీల్చి చూసి, "ఇది మేడే" అని తేల్చేసింది. పట్టాభిషేకాలు, ముట్టడి, బిషప్‌లు, పాషాలు, అందరూ దీని నీడన నడిచే లోపలికి పోయి ఉంటారు. చెట్టుకింద బెంచీలున్నాయి. నమాజ్ అయ్యేదాకా ఆగవలసి వస్తే అంతకన్నా మంచి చోటు లేదు.

ఫొటోలు తీసుకోవచ్చా?

నమాజ్ లేనప్పుడు తీసుకోవచ్చు. ఫ్లాష్ వద్దు, నమాజ్ చేస్తున్న మనిషి ముఖం వద్దు. ముందు వైపు పడమర ముఖం గనుక ఉదయం నీడలో ఉంటుంది. సాయంత్రం నాలుగు దాటాక రాయి పసుపు నుంచి బెల్లం రంగుకు తిరుగుతుంది, అప్పుడు తీయండి.

పెద్దవాళ్ళను, చంటిపిల్లలను తీసుకెళ్ళొచ్చా?

హాయిగా. ఎక్కే మెట్లు పెద్దగా లేవు, ఊరు చదునుగా ఉంటుంది, కారు దగ్గరి దాకా వస్తుంది. కోటగోడ మీదికి వెళ్ళేటప్పుడు మాత్రం పిల్లల చెయ్యి వదలవద్దు, చాలాచోట్ల పిట్టగోడ లేదు.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది. హెల్లిమ్ అని అక్కడి చీజ్, పెనం మీద కాల్చి ఇస్తారు, పనీర్‌లాగా కరగకుండా నిలుస్తుంది. పప్పు చారులాంటి మెర్జిమెక్ సూప్ తాగితే ప్రాణం లేచొస్తుంది, అయితే మాంసం ఉడికించిన నీళ్ళు కలిపారేమో అడిగి తాగండి. కారం తినేవాళ్ళు ఆవకాయ పొట్లం ఒకటి వెంట పెట్టుకోవచ్చు. డబ్బు టర్కిష్ లీరా, పర్యాటకులు తిరిగే చోట యూరోలు కూడా తీసుకుంటారు.

ఇదొక్కటేనా, చుట్టుపక్కల ఇంకేమైనా చూడాలా?

ఒక పూట మసీదుకు, కోట లోపలికి. ఇంకో పూట బయటికి. ఎదురుగానే వెనిస్ అధికారి మహల్ ముఖద్వారం నిలబడి ఉంది. దాని నాలుగు రాతి స్తంభాలు దగ్గర్లోని సలామిస్ అనే పాత పట్నపు శిథిలాల నుంచి తెచ్చినవి. అక్కడే టర్కీ కవి నామిక్ కెమాల్‌ను 1873 నుంచి 1876 దాకా బంధించిన గది ఉంది. నాటకం రాసినందుకు సుల్తాన్ ప్రభుత్వం ఇక్కడికి పంపింది. సముద్రం పక్కన ఒథెల్లో బురుజు, గుమ్మం మీద వెనిస్ రెక్కల సింహం. ఆ బురుజును గ్రీకు, టర్కీ సైప్రియట్లు కలిసి నడిపే వారసత్వ సంఘం ఆధ్వర్యంలో బాగుచేసి 2015లో మళ్ళీ తెరిచారు. గ్రీకులు కట్టుకున్న సెయింట్ జార్జ్ చర్చి శిథిలం తప్పకుండా చూడండి. కప్పు లేదు, ఆకాశమే కప్పు. ఈ ఊళ్ళో ఒకప్పుడు రోజుకొకటి చొప్పున 365 చర్చిలు ఉండేవని చెప్పుకుంటారు. అన్ని ఉన్నా లేకపోయినా, సందు తిరిగితే ఒక మొండి గోడ ఎదురవుతుంది.

ఊరికి ఉత్తరాన కొద్ది కిలోమీటర్లలో సలామిస్, సముద్రపు ఒడ్డున రోమన్ల కాలపు పట్నం. దక్షిణాన వరోషా, 1974లో జనం ఇళ్ళు వదిలి పారిపోయాక కంచె వేసిన హోటళ్ళ పేట. 2020 అక్టోబర్‌లో కొంత భాగం తెరిచారు. ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. అక్కడ నవ్వుతూ సెల్ఫీలు దిగకండి.

నికోసియాలో కూడా ఇలాంటిదే ఉందట, రెండిట్లో ఒకటే చూడగలిగితే?

ఉంది. 1209లో మొదలైన సెయింట్ సోఫియా కథీడ్రల్, 1570 నుంచి మసీదు, ఇప్పుడు సెలిమియే అంటారు. సైప్రస్ రాజు కిరీటం పెట్టింది అక్కడే అని పైన చెప్పాను. పరిమాణంలో అదే పెద్దది. ఒకటే చూడాలంటే నేను ఫమగుస్తా అంటాను. ముందు వైపు నిండుగా నిలిచింది ఇక్కడిదే. పైగా చుట్టూ ఊరు ఇంకా దాని ఎత్తు దాటలేదు.

అజాన్ వేళకు అక్కడ ఉంటే లేచి వెళ్ళిపోవాలా?

లోపల ఉంటే మెల్లగా బయటికి వచ్చేయండి, ఎవరూ తరమరు గానీ అది పద్ధతి. బయటికి వచ్చి చెట్టుకింద కూర్చోండి. దుకాణం షట్టర్ సగం దించి ఒకరు, సైకిల్ గోడకు ఆనించి ఒకరు, చేతులు తుడుచుకుంటూ ఒకరు వస్తారు. చెక్కడపు గుమ్మం ముందు చెప్పులు వదిలి లోపలికి వెళ్తారు. పావుగంటలో మళ్ళీ బయటికి వస్తారు. ఆ తర్వాత మీరు వెళ్ళొచ్చు.